తౌడుకు కొన్న కొడుకు

ఇంటర్నెట్ లెక్క ప్రకారం నేను పుట్టనే లేదు. మా తమ్ముడి పేజీలో "తోబుట్టువులు: లేరు" అని రాసి ఉంది. వాణ్ణి చంకనేసుకుని వాడకట్టంతా తిప్పినదాన్ని నేను. వాడి అల్లరికి ఇరుగుపొరుగు వాళ్ళ చేత తిట్లు తిన్నదాన్ని నేను. లేనట!

మా తమ్ముడు బాలేష్ సినిమాల్లో కామెడీ వేషాలు వేస్తాడు. హీరో పక్కన స్నేహితుడిగా ఉంటాడు, హీరోకు పడాల్సిన తన్నులు తను తింటాడు, జనం పడీ పడీ నవ్వుతారు. పేరు రాగానే సినిమావాళ్ళ వివరాలు రాసే ఒక సైటువాళ్ళు వాడికో పేజీ పెట్టారు. అందులో వాడి ఎత్తు ఐదడుగుల పదకొండంగుళాలు. నాకు ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు మీద, బస్ డిపో దాటాక బ్లౌజులు కుట్టే షాపు ఉంది. మెడలో టేపు వేసుకుని బతికే మనిషిని. వాడి మొదటి సినిమా ఫంక్షన్‌కు కుర్తా కుట్టింది నేనే. వాడు ఐదడుగుల ఐదంగుళాలు, అదీ జుట్టు పైకి దువ్వుకుంటే. చదువు ఇంజనీరింగ్ అని ఉంది. పదో తరగతిని వాడు దాటలేదు, అదే వాణ్ణి చూసి విసిగి వదిలేసింది. ఇష్టమైన పని కొండలెక్కడమట. మేడ మీద ఆరేసిన బట్టలు తెమ్మంటే మోకాలు పట్టుకుని మూలిగే మనిషి వాడు.

ఇవన్నీ చదువుకుని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్ళం. నన్ను లేదన్నందుకు మాత్రం నేను నవ్వలేదు, ఆ సైటువాళ్ళను రోజూ ఒక రౌండు తిట్టుకునేదాన్ని.

ఒకరోజు భవాని అనే పిల్ల బ్లౌజు కొలతలు ఇవ్వడానికి షాపుకొచ్చింది. మా అమ్మ నర్సమ్మ ఓ మూల కూర్చుని హుక్కులు కుడుతోంది. అది అమ్మ రోజూ చేసే పనే. భవాని ఫోన్లోంచి తలెత్తి, నెమ్మదిగా అడగడం చేతగాక గట్టిగానే అడిగేసింది.

"అక్కా, మీ అమ్మ బాలేషన్నను అమ్మేసిందంట గదా? నిజమేనా?"

ఫోన్ లాక్కుని చూశాను. పేజీలో కొత్తగా నాలుగు వాక్యాలు చేర్చారు. బాలేష్ కడు పేద కుటుంబంలో పుట్టాడట. కన్నతల్లి ఆకలికి తట్టుకోలేక పసిబిడ్డను కాస్త తౌడు కోసం అమ్మేసిందట. సత్తమ్మ అనే దయగల మహిళ అతణ్ణి కొని పెంచిందట. పైన పట్టీలో "తల్లి: సత్తమ్మ" అని ఉంది. కింద జనం ఊరుకుంటారా? "ఛీ, ఇదేం తల్లి", "ఇప్పుడు డబ్బుల కోసం వచ్చి ఉంటుంది చూడండి" అని ఎవరికి తోచింది వాళ్ళు రాశారు.

"ఏం రాసిండ్రు? సదువు" అంది అమ్మ. నేను ఏదో ఒకటి చెప్పి దాటేద్దామనుకునే లోపే భవాని అక్షరం పొల్లు పోకుండా చదివి వినిపించింది. అమ్మ సూదిని పిన్ను దిండుకు గుచ్చి, చెప్పులేసుకుని ఇంటికెళ్ళిపోయింది.

ఆ తర్వాత అమ్మ షాపుకు రాలేదు. కూరగాయలకు మార్కెట్టుకూ పోలేదు. ఇంట్లో గిన్నెలు మాత్రం ముందుకంటే గట్టిగా చప్పుడయ్యేవి. బాపు, అంటే మా నాన్న బాలనర్సింహ, "ఫోన్ల రాసిందానికి ఎవడన్న బాధపడతడా" అన్నాడని ఒక పూట అన్నంలో చారు కూడా పోయలేదు. చివరికి నాతో ఒకే మాట అంది.

"వాని తల్లి జాగల నా పేరు రాయించు. నేను మోసి కన్న."

ఈ అమ్మకం సంగతి చెప్పాలి. నా తర్వాత అమ్మకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. మూడోవాడు బాలేష్. మా వైపు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను చాటలో వేసి పక్కింటివాళ్ళకు అమ్మేస్తారు. ఉత్తుత్తి అమ్మకమే. కొనేవాళ్ళు చాటెడు తౌడు ఇస్తారు, బిడ్డ వాళ్ళవాడయ్యాడని నలుగురిలో అంటారు, తర్వాత తల్లే ఎత్తుకుని ఇంటికి తెచ్చుకుని పాలిస్తుంది. వీళ్ళవాడు కాదు కాబట్టి చెడు చూపు పడదని నమ్మకం. కొన్నది మా ఎదురింటి సత్తమ్మ పెద్దమ్మ. అప్పుడు నాకు ఆరేళ్ళు, తలుపు పట్టుకుని అంతా చూశాను. ఆ తౌడును సాయంత్రం మా బర్రె తినేసింది. ఇంతోటి దానికి పేదరికం, ఆకలి, దయగల మహిళ!

సైటు కిందున్న నంబరుకు ఫోన్ చేశాను. రత్నాకర్ అనే అబ్బాయి ఎత్తాడు. నేను మొదలుపెట్టిన జోరుకు ఇంకొకరైతే ఫోన్ పెట్టేసేవారు. అతను ఓపిగ్గా విన్నాడు.

"మేడమ్, మేం గాల్లోంచి రాయలేదు. మీ అమ్మగారే చెప్పారు. వీడియో పంపిస్తా, చూడండి."

చూశాను. బాలేష్ సినిమా ఆడిన కొత్తలో ఒక ఛానెల్ వాళ్ళు మా ఇంటికొచ్చి తీసిన వీడియో అది. మైకు పట్టుకున్న అమ్మాయి "ఎంత చక్కని కొడుకును కన్నారమ్మా, బంగారంలాంటి కొడుకు" అని మెచ్చుకుంటోంది. మా అమ్మ గభాలున చేతులూపేసింది.

"నా కొడుకేంది బిడ్డా! వాడు నా కొడుకు కాదు. గా ఎదురింటి సత్తమ్మ కొడుకు. చాటెడు తౌడుకు అమ్మేసిన."

వెనక గడప మీద నిలబడి సత్తమ్మ పెద్దమ్మ "అవ్, నేనే కొన్న" అని చెయ్యి ఊపుతోంది. ఇద్దరూ పకపకా నవ్వుతున్నారు. ఆ మైకు పిల్లకు పాపం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా దగ్గర ఎవరు విన్నా బిడ్డను మెచ్చుకుంటే తల్లి అలాగే అంటుందిలే అనుకుంటారు. బయటివాళ్ళకు ఏం తెలుసు?

రత్నాకర్‌కు అంతా విడమరిచి చెప్పాను. అతను నవ్వాడు, తర్వాత నవ్వినందుకు సారీ చెప్పాడు.

"ఇది చాలా సులువక్కా. తల్లి పేరున్న కాయితం ఏదైనా పంపించండి. లేదా మీ అమ్మగారు 'బాలేష్ నా కొడుకు' అని వీడియోలో ఒక్కసారి అంటే చాలు. సాయంత్రానికల్లా మార్చేస్తా."

మేడమ్ నుంచి అక్కకు వచ్చేశాడు కాబట్టి నేనూ కాస్త చల్లబడ్డాను. ఒక్క మాటే కదా అని ఎగురుకుంటూ ఇంటికెళ్ళాను. అమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది.

"అమ్మా, ఇటు చూడు. బాలేష్ నా కొడుకు అను. ఒక్కసారి."

రొట్టె తడుతున్న చెయ్యి ఆగింది.

"నేననను."

"పేరు రాయించమంటివి గద!"

"రాయించు. వాళ్ళను రాసుకోమను. నా నోటితోని మాత్రం అనను."

కోపంతో నా ఒళ్ళు మండింది. "నువ్వే కాదని చెప్పినవ్. గిప్పుడు అవునని చెప్పమంటే గింత బెట్టు ఏందే?" అని అరిచాను. అమ్మ తిరిగి అరవలేదు. పెనం కింద మంట తగ్గించి, నా వైపు చూడకుండా చెప్పింది.

"నీ తర్వాత పుట్టినోడు మస్తు తెల్లగుంటుండె. ఎత్తుకొని రోడ్డు మీద నిలబడి, బస్సు దిగినోళ్ళందరికి చూపిస్తుంటి. నా కొడుకు, నా కొడుకు అని. ఎనిమిది నెలలు. గంతే. రెండోవానికి గట్ల చూపియ్యలే, గాని మనసుల అనుకున్న. వాడు బి పోయిండు. వీణ్ణి అమ్మిన దినం ఒట్టు పెట్టుకున్న. నా కొడుకని గీ నోటితోని అనను."

నేను పీట లాక్కుని అక్కడే కూర్చుండిపోయాను. ఆలోచిస్తే నిజమే. వాడు పుట్టినప్పటి నుంచి అమ్మ వాణ్ణి ఒక్కసారి కూడా కొడుకా అని పిలవలేదు. "ఓ సత్తమ్మ కొడుకా, బువ్వ తిందువు రా" అనేది. వాడు బడి నుంచి వస్తే "సత్తమ్మ కొడుకు వచ్చిండు" అనేది. అది ముద్దు అనుకున్నాం, వేళాకోళం అనుకున్నాం. చిన్నప్పుడొకసారి వాడు నా పక్కన పడుకుని "అక్కా, నేను నిజంగ సత్తమ్మ కొడుకునా?" అని అడిగాడు. కాదురా పిచ్చోడా అన్నాను. నమ్మాడో లేదో తెలియదు. పెద్దయ్యాక ఆ తౌడు కథనే స్టేజీ మీద చెప్పి జనాన్ని నవ్వించడం మొదలుపెట్టాడు. అమ్మ మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపమంతా పోయి, చెప్పలేనంత జాలి వేసింది.

సరే, కాయితం సంగతి చూద్దామని బాలేష్‌కు ఫోన్ చేశాను. ఇంట్లో తల్లి పేరున్న కాయితం వాడి పదో తరగతి మెమో ఒక్కటే. అది పంపిస్తానన్నాను.

"అక్కా! నీ కాళ్ళు మొక్కుత! మెమో ఒక్కటి ఇయ్యకు!"

"ఎందుకురా?"

"ఇంజనీరింగ్ అని నేనే చెప్పిన అక్కా. మెమో బయటికొస్తే మార్కులు బి బయటికొస్తయ్. హిందీల ఎన్నొచ్చినయో నీకు యాదికున్నదా?"

గుర్తుంది. ఆ అంకెను పేజీలో పెట్టే ధైర్యం నాకే లేదు. "అమ్మ బాధపడుతుంది రా" అన్నాను. "కొడుకని చెప్పనీకె అంత కష్టమైతే ఉండనీ అక్కా" అన్నాడు. గొంతులో నవ్వు లేదు. అమ్మ ఎందుకు అనదో చెబుదామనుకున్నాను. షాట్ రెడీ అని ఎవరో పిలిచారు, వాడు వెళ్ళిపోయాడు.

దారి చూపించింది సత్తమ్మ పెద్దమ్మే. తన గడపలో కాళ్ళు చాపుకుని కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను నా గోడు వెళ్ళబోసుకున్నాక తాపీగా అంది.

"పేజీల తప్పేమున్నదే? వాడు నా కొడుకే. మీ అమ్మ మళ్ళ కొనుక్కున్నదా?"

"మళ్ళ కొనుడేంది?"

"లగ్గానికి ముంగట కన్నోళ్ళు మళ్ళ కొనుక్కోవాలె. గట్ల కొనుక్కుంటె ఇగ ఏ ఫికర్ లేదు, నా కొడుకని బాజాప్త నలుగుర్ల గట్టిగ చెప్పుకోవచ్చు. మీవోడు లగ్గం చేస్కుంటలేడు, మీరు కొంటలేరు. నేనేం జేద్దు?"

నాకు లేచి గంతేయాలనిపించింది. పెళ్ళి దాకా ఆగాలని రూలేమైనా ఉందా అంటే లేదంది. వెంటనే అమ్మను పిలిచాను. సత్తమ్మ పెద్దమ్మ చెప్పిందంతా అమ్మ రెండుసార్లు చెప్పించుకుని వింది. "కొనుక్కుంటే ఏం కాదా సత్తెక్కా?" అని అడిగింది. "ఏం గాదు, నేను చెప్తున్న గద" అంది పెద్దమ్మ. అమ్మ ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది. కానీ ఇద్దరూ ఆడవాళ్ళే, ఇద్దరూ ఒకే మార్కెట్టులో బేరాలాడి పెరిగినవాళ్ళే. గల్లీ మధ్యలో బేరం మొదలైంది.

"చాటెడు తౌడు ఇచ్చినవ్ గదా, చాటెడు తౌడు ఇస్త" అంది అమ్మ.

"అగో! అప్పుడు గీ సాగర్ రోడ్డు మీద ప్లాటు ఎంతుండె, గిప్పుడెంతున్నది? జాగ రేటు పెరుగుతది గాని నా కొడుకు రేటు పెరగదా?"

"వాడు నీ దగ్గర తిన్నదెంత? అంత నా ఇంట్లనే తిన్నడు!"

"పేరు నాది గదనే! నా పేరు మీద పెరిగిండు!"

చివరికి ఒక బస్తా తౌడు, ఒక పట్టు చీర దగ్గర కుదిరింది. చీరకు జాకెట్ నేను ఊరికే కుట్టాలట. ఏ బేరమైనా చివరికి నా మిషన్ మీదికే వచ్చి ఆగుతుంది.

తౌడు కోసం దాణా కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన బస్తా తూకం వేయిస్తూ "ఎన్ని బర్లున్నయ్ అక్కా?" అని అడిగాడు. "ఒక్కటే దున్నపోతు అన్నా, సినిమాలల్ల చేస్తది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, నాకు మాత్రం హాయిగా ఉంది.

ఆదివారం పొద్దున బాలేష్ టోపీ, నల్ల అద్దాలు పెట్టుకుని కారు దిగాడు. వాణ్ణి ఎవరూ గుర్తుపట్టకూడదని ఆ వేషం. అది చూసే గల్లీ అంతా గుర్తుపట్టింది. రత్నాకర్ కూడా వచ్చాడు. వీడియో పంపితే చాలని చెప్పినవాడు, చూడాలనిపించిందక్కా అంటూ తనే బండేసుకుని వచ్చేశాడు. బాపు బస్తా దించి సత్తమ్మ పెద్దమ్మ గడప ముందు పెట్టాడు. పెద్దమ్మ తన వెదురు చాట తెచ్చి నేల మీద పెట్టింది.

"కూసో" అంది వాడితో.

"ఇండ్లనా, గీ చాటలనా?"

"అప్పుడు గిండ్లనే పండినవ్."

వాడు చాటలో కూర్చున్నాడు. పేజీలో వాడి బరువు అరవై ఎనిమిది కిలోలు. చాట ఆ మాట ఒప్పుకోలేదు. ఫట్‌మని విరిగింది. గల్లీ గొల్లుమంది. బాపు అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. "చాట పైసలు బి వేరే ఇయ్యాలె" అంది పెద్దమ్మ.

అమ్మ మాత్రం నవ్వలేదు. దోసిలితో తౌడు తీసి పెద్దమ్మ కొంగులో పోసింది. చీర చేతిలో పెట్టింది. పెద్దమ్మ బాలేష్ చెయ్యి పట్టి లేపి అమ్మ ముందు నిలబెట్టింది.

"ముట్టింది నర్సమ్మా. ఇగ తీస్కపో. నలుగురి ముంగట చెప్పు. ఎవరి కొడుకు వీడు?"

రత్నాకర్ ఫోన్ ఎత్తాడు. అమ్మ నోరు తెరిచింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైందే అమ్మా, రేటు ఎక్కువైందనిపిస్తున్నదా?" అన్నాడు బాలేష్. సినిమాలో అయితే హాలంతా నవ్వేది. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. వాడు అద్దాలు తీసేశాడు. అమ్మను చూశాడు, నన్ను చూశాడు. నేను వాడి పక్కకెళ్ళి మెల్లగా చెప్పాను. నీకు ముందు ఇద్దరు పోయారు కదరా, నా కొడుకంటే నువ్వు కూడా పోతావని భయం, అందుకే ఇన్నేళ్ళూ అనలేదు అని. వాడి ముఖం నేను ఎన్నో సినిమాల్లో చూశాను. అలా ఎప్పుడూ చూడలేదు.

పెద్దమ్మ అమ్మ భుజం మీద చెయ్యేసింది. "భయపడకే. గిన్నేండ్లు నా పేరు మీద బతికిండు. ఇగ నీ పేరు మీద బతుకుతడు. అను."

"నా కొడుకు" అంది అమ్మ, తనకు తనే చెప్పుకున్నట్టు.

"అమ్మా, సౌండ్ సరిగ్గా..." అని రత్నాకర్ అనబోయాడు.

"నా కొడుకు!" అని అరిచింది అమ్మ. "బాలేష్ నా కొడుకు! నేను కన్న! నా కొడుకు!"

అన్నిసార్లు అనమని ఎవరూ అడగలేదు. నాకు ఏడుపాగలేదు. బాలేష్ వంగి అమ్మ భుజంలో ముఖం పెట్టుకున్నాడు. "నీకు నేనంటే ఇష్టం లేదనుకున్ననే" అన్నాడు. అమ్మ వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. "ఇష్టం లేకనేనా గింత బస్తా తౌడు పోసిన?" అంది.

భోజనాల ముందు రత్నాకర్ అరుగు మీద కూర్చుని అక్కడికక్కడే పేజీ మార్చేశాడు. ఆకలి, పేదరికం, దయగల మహిళ అన్నీ తీసేశాడు. అమ్మకు చదివి వినిపించాడు. "తల్లి: నర్సమ్మ." ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాడు. తర్వాత అమ్మ ముఖంలోకి పాత భయం కొంచెం తిరిగొచ్చింది.

"గింత మంచిగ రాసినవ్, దిష్టి తగుల్తది బిడ్డా. ఓ మూలకు నల్లచుక్క పెట్టరాదు?"

"పేజీకి చుక్క పెట్టడానికి ఉండదమ్మా."

"మరి ఏదన్న ఒక్కటి తక్కువ రాయి."

"ఎత్తు తప్పున్నది గదనే అమ్మా, సదువు బి తప్పున్నది" అన్నాడు బాలేష్ ఆశగా.

"గవి ఎక్కువ రాసినయ్ రా. చుక్క అంటే తక్కువుండాలె."

రత్నాకర్ వేలితో పేజీని పైకీ కిందికీ జరిపాడు. "ఇక్కడ తోబుట్టువులు లేరని ఉందక్కా. సారీ, ఇది కూడా ఇప్పుడే మార్చేస్తా. పేరు స్వప్న కదా?"

అందరూ నా వైపు చూశారు. ఎన్ని నెలల నుంచి ఈ మాట కోసం గొంతు చించుకుంటున్నానో ఇంట్లో అందరికీ తెలుసు. "రాయి బిడ్డా, అది లేకుంటే గీ పనే కాకపోతుండె" అంది అమ్మ. కానీ ఆమె చెయ్యి బాలేష్ చేతిని వదల్లేదు. ఆ చెయ్యి చూశాక నాకు మాట దానంతటదే వచ్చింది.

"ఉండనీ తమ్మీ. గదే చుక్క అనుకో."

"అక్కా!" అన్నాడు బాలేష్.

"నువ్వు మూసుకో. రేపు దిష్టి తగిలి సినిమా పోతే మళ్ళ నన్నే అంటవ్."

అమ్మ లేచి వచ్చి నా చెంపలు రెండు చేతులతో నిమిరి, కణతల దగ్గర మెటికలు విరిచింది. తర్వాత లోపలికెళ్ళి విస్తర్లు పరిచి, అలవాటు కొద్దీ "ఓ సత్తమ్మ" అని మొదలుపెట్టి ఆగింది. "కొడుకా, బువ్వ తిందువు రా" అని పిలిచింది. వాడు పరిగెత్తాడు. మోకాలు నొప్పి ఏమైందో మరి.

పేజీ ఇప్పటికీ అలాగే ఉంది. మొన్న కొత్త కస్టమర్ ఒకామె షాపు గోడ మీద మా ఫోటో చూసి, "బాలేష్‌కు అక్కచెల్లెండ్లు లేరని ఫోన్ల ఉన్నది గద, మరి నువ్వేమైతవ్?" అని అడిగింది.

"అవ్, లేరు" అన్నాను. "చేతులు పైకెత్తమ్మా, కొలత తీసుకోవాలె."